రెండో తాళం

తల్లిదండ్రులు పెట్టిన పేరొకటి ఉండే ఉంటుంది గానీ, లైసెన్సు కార్డు మీద తప్ప దానికి ఎక్కడా పని పడలేదు. కార్ల స్టాండులో అందరూ అతన్ని నింపాది అనే పిలిచేవారు. వెనక బండ్లు హారన్లతో చెవులు చిల్లులు పొడుస్తున్నా, ఎక్కిన పెద్దమనిషి వాచీ చూసుకుంటూ పళ్ళు నూరుతున్నా, ఇతను మాత్రం తాపీగా తన దారిన తను పోయేవాడు. "దిగాల్సిన చోట ఒళ్ళు హూనం కాకుండా దించుతాను, చాలదా?" అనేవాడు. అన్నేళ్ళ డ్రైవరీలో బండి మీద గీత పడనివ్వలేదు, ఎవరిచేతా మాట పడలేదు. అలాంటి మనిషిని పట్టుకుని కారు దొంగ అన్నారండీ! అన్నది దారిన పోయే దానయ్యలైతే ఇంత గొంతు చించుకోవాల్సిన పనే లేదు.

ఆ కారు అతనిది కాదు, బావది. అక్క మొగుడన్నమాట. తల్లి పోయేనాటికి నింపాదికింకా నిక్కర్ల వయసే. అక్కే ఒంటిచేత్తో పెంచింది. పెళ్ళి మాటలప్పుడు "మా తమ్ముడు కూడా నాతోనే వస్తాడు, ఆపైన మీ ఇష్టం" అని పెళ్ళికొడుకు మొహం మీదే చెప్పిందట. బావ సరేనన్నాడు. ఆ సరేనన్న సంగతి వీలు దొరికినప్పుడల్లా గుర్తు చేస్తూనే వచ్చాడు, అది వేరే విషయం. నింపాది పెళ్ళీ గిళ్ళీ అని ఎగబడలేదు. వీధి గదిలో ఓ మంచం, మంచం కింద ఓ పెట్టె, ఇవి చాలనుకున్నాడు. అతనికి లోకంలో కావలసిందల్లా ఒక్కటే, అక్క చేత మంచివాడనిపించుకోవడం. నలభై దాటినా ఆ యావ పోలేదు.

అక్కకి శుభ్రం పిచ్చి. వీధిలో తిరిగిన చొక్కా లోపలికొస్తే ఆవిడకి ఒళ్ళంతా దురద పుట్టేది. అందుకని ఆ ఇంట్లో ఒక చట్టం ఉండేది. మగవాళ్ళిద్దరూ వీధి తలుపు పక్కనున్న కొయ్యకి చొక్కాలు తగిలించి, కాళ్ళూ చేతులూ కడుక్కుని, అప్పుడే భోజనానికి రావాలి. జేబులో ఏముంటే అది ఆ కొయ్య మీదే వేలాడేది. దువ్వెన, జేబురుమాలు, కారు తాళం, అన్నీ అక్కడే. గోడకి ఇవతల చొక్కా. అవతల సన్నటి వీధి, వీధికి ఆ పక్కన నీడలో కారు. ఈ సంగతి మనసులో పెట్టుకోండి, కొంప మునిగింది దీని దగ్గరే.

మొదట్లో ఉన్న పాత కారుకి ఇనప తాళం ఉండేది. నింపాది దాన్ని గొలుసుతో నడుముకి కట్టుకుని తిరిగేవాడు. బండి ఆపి తాళం వేసి ఊరుకునే రకం కాదు, చుట్టూ తిరిగి ఒక్కో తలుపూ లాగి చూసుకునేవాడు. "అదుగో, నాలుగు తలుపులకీ షేక్‌హ్యాండ్ ఇస్తేగానీ మనవాడికి టీ దిగదు" అని స్టాండులో నవ్వేవాళ్ళు. నవ్వితే నవ్వనీ. ఆ బండి ముసలిదై అమ్ముడుపోయేదాకా దాన్ని ఎవడూ ముట్టుకోలేకపోయాడు.

తర్వాత బావకి ఓ పెద్ద ఆఫీసు ఉద్యోగుల్ని తిప్పే కాంట్రాక్టు దొరికింది. దొరకడంతోనే కళ్ళు నెత్తికెక్కాయి. కొత్త బండి కావాలి, అదీ తాళం తిప్పే పని లేని బండే కావాలి అని పట్టుబట్టాడు. షోరూము కుర్రాడు అరచేతిలో స్వర్గం చూపించాడు.

"తాళం జేబులోంచి తీయక్కర్లేదు సార్. మీరు దగ్గరికొస్తే బండే గుర్తుపట్టి తలుపు తీస్తుంది. మీట నొక్కితే ఇంజను మొదలవుతుంది. తాళం లేనివాడు తలకిందులుగా తపస్సు చేసినా ఇది అంగుళం కదలదు. ఏ తాళంతో ఎప్పుడు తెరిచారో అది కూడా మీ ఫోనులో వచ్చేస్తుంది."

నింపాదికి ఒక అనుమానం వచ్చింది. "మరి తాళం పడిందో లేదో లాగి చూసుకునేదెలా బాబూ?"

"లాగకండన్నా. తాళం మీ జేబులోనే ఉంటుందిగా, మీరు లాగితే తెరుచుకుంటుంది!"

షోరూములో ఉన్నవాళ్ళంతా విరగబడి నవ్వారు. అందరికంటే గట్టిగా బావ నవ్వాడు. లాగి చూసుకోవడానికి వీల్లేని బండిని ఎలా నమ్మాలో నింపాదికి అర్థం కాలేదు. అయినా నోట్లో నాలుక లేనివాడు కదా, ఊరుకున్నాడు.

ఒకటో తాళం బావ ఉంచుకున్నాడు, రెండోది నింపాదికిచ్చాడు. ఇక బావ సంబరం చూడాలి. ఎక్కడున్నా ఫోను చూసుకుంటూ, "ఏరా, ఇప్పుడే తలుపు తీశావు కదూ? రెండో తాళం అని వచ్చింది" అని ఫోన్ చేసేవాడు. "మనుషులు మాట మారుస్తారురా, బండి మార్చదు" అని పక్కవాళ్ళకి వినబడేలా అనేవాడు. నింపాది దానికీ నవ్వి ఊరుకునేవాడు. ఆ బండి ఏదో ఒకనాడు తన మీదే సాక్ష్యం చెబుతుందని కల కన్నాడా ఏమిటి?

ఓ మధ్యాహ్నం పొద్దుటి ట్రిప్పు ముగించుకుని వచ్చాడు. చొక్కా కొయ్యకి తగిలించాడు, భోంచేశాడు, వీధి గదిలో నడుం వాల్చాడు. అక్క పెరట్లో బట్టలు ఉతుకుతోంది. లేచి చూసేసరికి వీధికి ఆ పక్కన నీడ మాత్రమే ఉంది, బండి లేదు. గబగబా చొక్కా తడిమాడు. తాళం జేబులో ఉన్నది ఉన్నట్టే ఉంది. అమ్మయ్య, బావ పట్టుకెళ్ళి ఉంటాడనుకుని ఫోన్ చేశాడు.

"బండి నువ్వు తీసుకెళ్ళావా బావా?"

"నేనెక్కడ తీసుకెళ్ళానురా? కాంట్రాక్టు ఆఫీసులో కూర్చుని ఉన్నాను. బండి నీ దగ్గరే కదా?"

బావ ఫోను తెరిచి చూసుకున్నాడు. తలుపు తెరిచింది రెండో తాళం. ఇంజను మొదలుపెట్టింది రెండో తాళం. బండి ఎక్కడుందో చూపించే చుక్క ఊరి చివరిదాకా పోయి ఆరిపోయింది. బావ గొంతు మారిపోయింది.

"తాళం ఎవరికిచ్చావురా?"

పోలీసులు వచ్చారు, వీధి కొలిచినట్టు అటూ ఇటూ నడిచారు, వెళ్ళారు. వీధి మలుపులో కెమెరా ఒకటుంది గానీ అది ఎప్పుడో కళ్ళు మూసింది, దాని మీద పావురం గూడు పెట్టుకుంది. అసలు కథ బీమా ఆఫీసులో జరిగింది. చల్లగాలి మర చప్పుడు తప్ప ఇంకో చప్పుడు లేని గది. ప్లాస్టిక్ మొక్కకి కూడా దుమ్ము పట్టింది. బీమా ఆఫీసరు బల్లకి అవతల కూర్చుని, పెన్ను మూత తీస్తూ పెడుతూ, పిల్లవాడికి కూడికలు నేర్పుతున్నట్టు మాట్లాడాడు.

"అద్దం పగల్లేదు. తలుపు వంగలేదు. తీగ తెగలేదు. రెండో తాళంతో తెరిచారు, రెండో తాళంతో నడిపారు. ఈ మాట నేననడం లేదండీ, బండే అంటోంది. రెండో తాళం ఎవరి దగ్గరుంది?"

"నా దగ్గరేనండి, చొక్కా జేబులో" అన్నాడు నింపాది.

"చొక్కా?"

"కొయ్య మీదండి."

"మీరు?"

"నిద్రపోతున్నానండి."

"అయితే ఇంకేం!" అని పెన్ను మూత పెట్టేశాడు ఆఫీసరు. "తాళంతో తెరిచిన బండిని పోయిందంటే మా పైవాళ్ళు ఒప్పుకోరు. ఎవరో ఊరూ పేరూ లేని దొంగ వచ్చాడంటే అసలే ఒప్పుకోరు." ఆ తర్వాత బావ వైపు తిరిగి గొంతు తగ్గించాడు, అదేదో నింపాదికి చెవుడన్నట్టు. "తాళం ఇచ్చిన మనిషే నమ్మించి మోసం చేశాడని మీరు పేరు పెట్టి ఫిర్యాదు చేస్తే అది వేరే దారి, అప్పుడు డబ్బు వస్తుంది. ఇంటి మనిషంటున్నారు, మీ ఇష్టం. తొందరేం లేదు, ఆలోచించుకోండి."

ఒళ్ళు మండిపోదూ? పక్కనే కుర్చీలో మనిషి కూర్చుని ఉన్నాడు. అతని మీద దొంగ ముద్ర వేయాలా వద్దా అని వాళ్ళిద్దరూ ఆలోచించుకుంటున్నారు. బావ ఆ మాటకి అవునూ అనలేదు, కాదూ అనలేదు. దారంతా నీళ్ళు నములుతూ వచ్చాడు. నింపాది వంక ఒక్కసారి కూడా చూడలేదు.

ఇంటికి రాగానే ఆ మాట అక్క చెవిన వేశాడు. ఆవిడ చేతిలో ఉన్న గిన్నె అక్కడే దిమ్మ మీద కొట్టినట్టు పెట్టింది.

"వాడి మీద ఫిర్యాదా? మీకేమైనా మతి పోయిందా? వాడు నా చేతుల్లో పెరిగాడు. పక్కింటి జామకాయ కోసుకోవడానికి కూడా నన్నడిగి వెళ్ళినవాడు. బండి పోతే పోయింది, ఆ మాట ఇంకోసారి ఈ ఇంట్లో వినబడకూడదు."

"నేను మాత్రం కావాలని అంటున్నానా? కాంట్రాక్టు చేజారిపోతోంది. అద్దె బండితో ఎన్నాళ్ళు నెట్టుకురాను?" అన్నాడు బావ.

నింపాది వీధి గదిలో మంచం మీద కూర్చుని ఇదంతా విన్నాడు. అక్క తనని ఒక్క ప్రశ్న కూడా అడగలేదు. ఎక్కడున్నావు, ఎవరొచ్చారు, తాళం ఏం చేశావు, ఏదీ అడగలేదు. ఊళ్ళో అందరూ అడుగుతున్న వేళ ఆవిడ అడగకపోవడమే అతనికి ఊపిరి. ఆ ఊపిరి పోకముందే నిజం ఏమిటో తేల్చాలనుకున్నాడు. అక్కడే దెబ్బతిన్నాడు పాపం. తిన్నగా మంచం మీద పడుకుని ఉంటే అక్క నోటికి జడిసి బావ ఎన్నాళ్ళైనా నీళ్ళు నములుతూనే ఉండేవాడేమో.

షెడ్డుల వెంట తిరిగాడు. కంపెనీ సర్వీసు సెంటరుకి వెళ్తే గేటు దగ్గరే "అలా జరగదు" అని చేతులు దులుపుకున్నారు. బయట మెకానిక్కులు బుర్ర గోక్కున్నారు. చివరికి ఒకాయన, "మార్కెట్టు వెనక సందులో తాళాలు చేసే ముసలాయన ఉన్నాడు, ఆయన్నడుగు" అన్నాడు.

ఆ ముసలాయన కొట్టంటే మనిషి పక్కకి తిరిగితే మోచేయి గోడకి తగిలేంత. కళ్ళజోడు నుదుటి మీదకి నెట్టుకుని ఏదో ఆకురాయితో గీస్తున్నాడు. నింపాది చెప్పిందంతా విని, "వీధి గోడకే తగిలించావూ! అయితే వాళ్ళకి పిలిచి పీట వేశావన్నమాట" అన్నాడు.

"నేనేం వేశానండీ?"

"నీ తాళం నిద్రపోదు నాయనా. జేబులో ఉన్నా సరే సన్నగా మాట్లాడుతూనే ఉంటుంది. ఆ మాట ఒకటి రెండు బారల దాకానే వినబడుతుంది. ఒకడు సంచిలో ఓ పెట్టె పెట్టుకుని మీ గోడ పక్కన నిలబడతాడు, ఫోన్ మాట్లాడుకుంటున్నట్టు నటిస్తాడు. ఆ పెట్టె నీ తాళం మాట పట్టుకుంటుంది. బండి దగ్గర ఇంకోడు రెండో పెట్టెతో ఉంటాడు. ఆ మాట ఇందులోంచి బయటికొస్తుంది. తాళం పక్కనే ఉంది కాబోలనుకుని బండి తలుపు తీసేస్తుంది. దానికి చెవులే గానీ కళ్ళు లేవు మరి."

"మరి దూరం పోయాక ఆగిపోదా?"

"నడిరోడ్డు మీద ఆగితే గుద్దుకుని చస్తారని అలా ఆగకుండా చేశారు. ఒకసారి మొదలైందంటే వాడు ఆపేదాకా పోతుంది."

నింపాది అక్కడే మెట్టు మీద కూలబడి ఏడ్చేశాడు. దుఃఖంతో కాదు, తను అబద్ధమాడలేదని చెప్పే మనిషి ఒకడు దొరికాడని. ముసలాయనకి ఇబ్బంది అనిపించి మంచినీళ్ళిచ్చాడు. ఆ పెట్టెలు ఓ జత ఆయన దగ్గరే ఉన్నాయి. ఎవరో బాగుచేయమని ఇచ్చి మళ్ళీ రాలేదట. "ఎందుకు రాలేదో నాకు తెలియకపోలేదు" అన్నాడు. ఒక్కసారి మా ఇంటి దగ్గర చేసి చూపించమని నింపాది కాళ్ళా వేళ్ళా పడ్డాడు. మా అక్క చూడాలి, అంతే, ఇంకేం వద్దన్నాడు. ముసలాయన చాలాసేపు గొణుక్కుని ఒప్పుకున్నాడు. "పోలీసులూ గీసులూ అన్నావంటే మాత్రం నువ్వెవరో నేనెవరో."

ముందే చెబితే బావ ఏదో కిటుకు ఉందంటాడు. అందుకని చెప్పకుండా చేద్దామనుకున్నాడు నింపాది. ఎంత తెలివితక్కువతనం! మర్నాడు భోజనం వేళకి బావ అద్దె బండిలో వచ్చాడు. అది పోయినదాని కవలపిల్లే, అదే కంపెనీ, అదే రకం, దాన్నీ ఫోనుకి కలుపుకున్నాడు. చొక్కా కొయ్యకి తగిలించి, తాళం జేబులోనే వదిలేసి కంచం ముందు కూర్చున్నాడు. ముసలాయన సంచి భుజాన వేసుకుని గోడ పక్కన నిలబడ్డాడు. రెండో పెట్టె పట్టుకుని బండి దగ్గర నిలబడాల్సింది ఎవరు? ఇంకెవరున్నారు, నింపాదే.

తలుపు లాగాడు. తెరుచుకుంది. లోపల కూర్చుని మీట నొక్కాడు. ఇంజను పలికింది. ఆ చప్పుడుకి బావ ఎంగిలి చేత్తో బయటికి పరిగెత్తుకొచ్చాడు, వెనకే అక్క. నింపాది బండిని పది గజాలు ముందుకి పోనిచ్చి, తాపీగా ఆపి, కిటికీలోంచి తల బయటపెట్టి నవ్వాడు. బండి పోయిన తర్వాత అతను నవ్వడం అదే మొదలు. చిన్నప్పుడు చెట్టెక్కి "అక్కా, చూడు!" అన్నట్టే నవ్వాడు.

"చూశావా అక్కా! చూశావా బావా! తాళం నీ జేబులోనే ఉంది, చూసుకో! ఇలాగే తీశారు. నేను కాదని చెప్పలేదూ?"

బావ లోపలికి వెళ్ళి చొక్కా తడుముకుని వచ్చాడు. ఫోను తీసి చూశాడు. తాళంతో తెరిచారు, తాళంతో నడిపారు అని అందులో చక్కగా వచ్చింది. చాలాసేపు బండి వంకా, పెట్టె వంకా, గోడ పక్కనున్న ముసలాయన వంకా చూశాడు. ఆ తర్వాత నెమ్మదిగా అన్నాడు.

"ఎంత అలవాటైన చేయిరా నీది!"

నింపాదికి ముందు అర్థం కాలేదు. నవ్వు ఇంకా మొహం మీదే ఉంది.

"ఇంత బాగా వచ్చన్నమాట నీకు. పెట్టెలు కూడా ఉన్నాయి, తోడు మనిషి కూడా ఉన్నాడు. నా కళ్ళ ముందే తీసి చూపించి, పైగా నవ్వుతున్నావు. ఇన్నాళ్ళూ నేనే వెర్రివెధవనై నీళ్ళు నమిలాను."

"అది కాదు బావా, ఈయన తాళాలు చేసే..." అని చూస్తే ఈయన లేడు. గొడవ వాసన తగలగానే ముసలాయన సందు మలుపు తిరిగిపోయాడు. రెండో పెట్టె నింపాది చేతిలోనే ఉండిపోయింది. నింపాది అక్క వైపు తిరిగాడు. ఎవరేమన్నా అక్క ఉంది కదా. అక్క గడప మీద నిలబడి, కొంగు చేత్తో పట్టుకుని, ఒక ప్రశ్న అడిగింది.

"ఆయన నీకెక్కడ తగిలాడురా?"

అంతే. మొత్తం ఊరు అడిగినా లెక్కచేయని మనిషి ఆ ఒక్క ప్రశ్నకి కుప్పకూలిపోయాడు. ఏదో చెప్పాడు గానీ ఆ చెప్పడం తడబడింది. షెడ్డులన్నాడు, మార్కెట్టు సందన్నాడు, ముసలాయన అన్నాడు. తడబడే మాట అబద్ధంలాగే వినబడుతుంది. ఆ సాయంత్రమే బావ పేరు పెట్టి ఫిర్యాదు ఇచ్చాడు. పెట్టె సాక్ష్యం కింద పోయింది. "వాళ్ళక్క కూడా అడిగిందండీ, జవాబు చెప్పలేకపోయాడు" అని స్టేషన్లో చెప్పాడట.

స్టేషన్లో కొన్నాళ్ళు కూర్చోబెట్టారు. కొట్టారో లేదో నింపాది ఎవరికీ చెప్పలేదు, మనమూ అడగొద్దు. ముసలాయన్ని పిలిపిస్తే ఈ మొహం ఎప్పుడూ చూడలేదన్నాడు. ఆయన కొట్టు ఆయన బతుకు. బండి దొరకలేదు, అమ్మిన జాడ దొరకలేదు, చివరికి బెయిలు మీద వదిలారు. కేసు మాత్రం అలాగే ఉంది. పిలిచినప్పుడల్లా కోర్టుకి వెళ్ళాలి, వాయిదా వేస్తే తిరిగి రావాలి.

స్టాండుకి వెళ్తే ఎవరూ ఏమీ అనలేదు. అంటే బాగుండేది. టీ ఇచ్చారు, కూర్చోమన్నారు, అతను బెంచీ మీద కూర్చోగానే ఒక్కొక్కరూ బండి దగ్గరికి వెళ్ళి తాళం జేబులో ఉందో లేదో చూసుకున్నారు. పేరు కూడా మారిపోయింది. నింపాది అనే పిలుస్తున్నారు గానీ, అతను అటు తిరగగానే "పెట్టె" అంటున్నారు. దొంగ అన్న మాట పడ్డ డ్రైవరు చేతికి ఎవడండీ బండి ఇచ్చేది? సరుకుల గోడౌనులో ట్రాలీ తోసే పనిలో చేరాడు. అక్కడి మేస్త్రీ ఎకసెక్కంగా "దీనికి తాళం లేదులే, భయం లేదు" అన్నాడు. నింపాది దానికీ నవ్వి ఊరుకున్నాడు. గోడౌను వెనక రేకుల గదిలో నలుగురితో పాటు పడుకునేవాడు.

అక్క మీద మాత్రం కోపం తెచ్చుకోలేదు. ఆవిడ కళ్ళతో చూసిందాన్ని నమ్మింది, అందులో ఆవిడ తప్పేముంది, చూపించింది నేనే కదా అని తనకి తనే సర్దిచెప్పుకున్నాడు. అక్కకి కలిగింది అనుమానమే కదా, ఎప్పుడో ఒకప్పుడు అసలు దొంగలు దొరుకుతారు, అనుమానం తీరిపోతుంది, "తప్పయిపోయిందిరా" అని పిలుస్తుంది. ట్రాలీ తోస్తున్నంతసేపూ ఇదే ఆలోచన. ఇంకే ఆశ మీద బతుకుతాడు మరి?

నిజంగానే ఒకరోజు పిలిచింది. "మీ బావ ఊళ్ళో లేరు, వచ్చి నాలుగు మెతుకులు తినిపోరా. నీ బట్టలు కూడా ఉన్నాయి" అని ఫోన్ చేసింది. నింపాది గడ్డం గీసుకుని, ఉన్నవాటిలో మంచి చొక్కా వేసుకుని బయల్దేరాడు. వీధికి ఆ పక్కన నీడలో కొత్త కారు ఉంది, అదే కంపెనీది. బీమావాళ్ళు డబ్బు ఇచ్చారన్నమాట. తన పేరు దొంగగా రాసుకునే ఇచ్చారు, లేకపోతే ఎందుకిస్తారు? దాని చుట్టూ తిరగకుండా తిన్నగా లోపలికి వెళ్ళాడు.

అక్క చిక్కిపోయింది. తమ్ముణ్ణి చూడగానే కళ్ళనీళ్ళు పెట్టుకుంది, కూర్చోమంది, కంచం పెట్టడానికి లోపలికి వెళ్ళింది. వీధి గదిలో మంచం తీసేశారు. కుర్చీలో ఓ రేకు డబ్బా ఉంటే, కూర్చోడానికి పక్కన పెడదామని ఎత్తాడు. లోపల ఏదో గలగలమంది. మూత బిగుతుగా ఉంది, గోరుతో లేపాడు. రెండు తాళాలు ఉన్నాయి, కొత్త కారువి. డబ్బా లోపలంతా వెండిరంగు కాయితం అతికించి ఉంది.

"మూత పెట్టెయ్‌రా" అంది అక్క గుమ్మంలోంచి, చేతిలో కంచంతో. "తెరిచి ఉంచితే ఆ తాళం మాట బయటికి పోతుందట. ఇందులో పెడితే పోదట."

"ఎవరు చెప్పారక్కా?"

"మీ బావ కనుక్కొచ్చారు." అక్క గొంతు అక్కడే తగ్గింది. ఏం చెబుతోందో ఆవిడకి అప్పుడు తెలిసొచ్చింది. "ఆ తాళాలాయన దగ్గరికే వెళ్ళారు."

"ఎప్పుడు?"

అక్క కంచంలో అన్నం సర్దింది. అతను మళ్ళీ అడిగాడు.

"నీ మీద ఫిర్యాదు కాయితం ఇచ్చొచ్చిన మర్నాడు."

నింపాది డబ్బా ఒళ్ళో పెట్టుకుని కుర్చీలో కూర్చుండిపోయాడు. అంటే తను స్టేషన్లో గోడకి ఆనుకుని కూర్చున్న పూటే బావ ఆ సందు వెతుక్కుంటూ వెళ్ళాడు. ముసలాయన చెప్పిందంతా విన్నాడు, నిజమే అనుకున్నాడు, ఇంటికొచ్చి డబ్బాకి వెండి కాయితం అతికించాడు.

"అయితే బావ నమ్మాడన్నమాట."

"ఏం చేయమంటావురా? అప్పటికే కాయితం ఇచ్చేశారు. వెనక్కి తీసుకుంటే బీమావాళ్ళు ఏమీ ఇవ్వరు, ఇచ్చాక తీసుకుంటే అంతా తిరిగి కట్టమంటారట. కాంట్రాక్టు పోతే మేం రోడ్డున పడతాం. నువ్వెలాగూ బయటికొచ్చేశావు. సాక్ష్యం లేదు, కేసు నిలవదని వకీలు కూడా అన్నాడట."

"బావ సంగతి సరే. నువ్వెప్పుడు నమ్మావక్కా?"

ఆవిడ కంచం బల్ల మీద పెట్టింది. కొంగుతో కళ్ళు తుడుచుకుంది.

"నేనెప్పుడు నమ్మలేదురా నిన్ను? నువ్వు తీయలేదని నాకు మొదటినుంచీ తెలుసు. ఆ రోజు మీ బావ నా మొహం వంకే చూస్తున్నారు, ఏదో ఒకటి అడగకపోతే తమ్ముణ్ణి వెనకేసుకొస్తున్నానంటారని, నోటికొచ్చింది అడిగాను. అంతేరా. అనుమానంతో కాదు."

అనుమానంతో అడిగిందనుకునే ఇన్నాళ్ళూ ఆవిణ్ణి క్షమిస్తూ వచ్చాడు. అనుమానం లేదని తెలిశాక ఏం పెట్టి క్షమించాలో అతనికి తోచలేదు. జన్మలో అక్క మీద గొంతెత్తని మనిషి ఆ గదిలో గట్టిగా అరిచాడు.

"దొంగనని నమ్మి ఊరుకున్నావనుకున్నానక్కా! కాదని తెలిసి ఎలా ఊరుకున్నావు?"

అక్క బెదిరిపోయి వీధి తలుపు వంక చూసింది. లేచి వెళ్ళి దాన్ని దగ్గరగా వేసి వచ్చింది. ఎవరైనా విన్నారేమో అని ఆవిడ భయం.

"మెల్లిగా అనరా" అంది. "ముందు తిను, చల్లారిపోతోంది."

నింపాది డబ్బాకి మూత బిగించి కుర్చీలో పెట్టి లేచాడు. కంచం వంక చూడలేదు. అక్క వెనక నుంచి పిలుస్తూనే ఉంది, గొంతు పెంచకుండా.